అడగండి మాస్టారూ: ‘గెలిస్తే ఏమిస్తారు మేడమ్?’

పోయిన నెల ఈ శీర్షికలో తరగతి గదిలో ఆటల గురించి నాలుగు మాటలు రాసి, మీ దగ్గర ఎలా సాగుతోందో చెప్పమన్నాను. ఎక్కువ ఉత్తరాలు మన ఒడిశా వైపు నుంచే వచ్చాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకెళ్తే రెండూ, కొండ దిగి వచ్చే పిల్లల నోట సవర. ఇలాంటి ఊళ్లలోనే ముప్పై ఏళ్లకు పైగా చిన్న తరగతులకు చెప్పినవాణ్ణి కాబట్టి ఒక్కో ఉత్తరం చదువుతుంటే నాకు తెలిసిన గదిలోకి మళ్లీ వెళ్లినట్టే ఉంది. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు, అయిదు తీసుకున్నాను.

మాస్టారూ, నేను ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి చెబుతున్నాను, చేరి రెండేళ్లయింది. పిల్లలకి హుషారు రావాలని గోడకి పాయింట్ల చార్టు పెట్టాను. వారం చివర ఎక్కువ స్టార్లు వచ్చినవాళ్లకి చాక్లెట్లు, నెలకోసారి పెన్సిల్ బాక్సు. మొదటి నెల క్లాసంతా ఎగిరి గంతేసింది. ఇప్పుడు పుస్తకం తియ్యమంటే చాలు, "గెలిస్తే ఏమిస్తారు మేడమ్?" అంటున్నారు. ఏమీ లేదంటే మొహాలు వేలాడేస్తున్నారు. మానేస్తే అసలే చదవరేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచరు, పర్లాకిమిడి

అమ్మా, ముందు ఆ టెన్షన్ తీసి పక్కన పెట్టండి. మీరు చూస్తున్నదే 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు నర్సరీ పిల్లల దగ్గర చూశారు. రంగుల స్కెచ్ పెన్నులు కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే బొమ్మలు వేసుకునే పిల్లల్ని తీసుకుని మూడు గుంపులు చేశారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని మొదటి గుంపుకి ముందే ఆశ పెట్టి, వేశాక ఇచ్చారు. రెండో గుంపుకి ముందేమీ చెప్పలేదు, వేశాక ఇచ్చారు. మూడో గుంపుకి అసలు సర్టిఫికెట్ మాటే లేదు. వారం రెండు వారాలు పోయాక అవే పెన్నులు బల్ల మీద ఊరికే పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టించుకున్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే వాటిని ముట్టుకున్నారు. ఇష్టంగా చేసుకునే పనికి కూలి కట్టేసరికి అది కూలిపని అయిపోయింది. మీ చార్టు దగ్గర జరిగింది కూడా ఇదే, మీ పిల్లలు చెడిపోలేదు.

నేనూ చేశాను ఈ పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్కాల పోటీ పెట్టి, గెలిచినవాళ్లకి బలపాల డబ్బా ఇచ్చేవాణ్ణి. రెండు వారాలకే తెలిసిపోయింది, ఎప్పుడు పెట్టినా ఆ ఇద్దరే గెలుస్తారని. నాకంటే ముందు పిల్లలకి తెలిసిపోయింది. వెనక వరసలో కూర్చునే కుర్రాడొకడు ఒకరోజు పోటీ అనగానే పలక సంచిలో పెట్టేసుకుని చేతులు కట్టుకున్నాడు. ఏరా అంటే, "ఆలిద్దరికే కద మాస్టారూ ఇస్తారు, నానెందుకు ఆడాలి" అన్నాడు. కోపంగా అన్లేదు, లెక్క చూసుకుని చెప్పినట్టు చెప్పాడు. వాడి లెక్క కరెక్టే. ఆ పోటీలో వాడికి చోటు లేదు, ఎక్కాలు రావాల్సింది మాత్రం వాడికే.

అప్పుడు నాకు తట్టిన సంగతి ఒకటుంది, ఈ రోజుకీ దాన్నే పట్టుకుని ఉన్నాను. ఆటలో అడుగు వేయాలంటే పాఠం వాడక తప్పకూడదు. ప్రశ్న అడిగి, చెప్పినవాడికి స్టారు వేస్తే అక్కడ పాఠం ఒకటీ ఆట ఒకటీ, రెండింటినీ చాక్లెట్ పెట్టి అతికించాం. చాక్లెట్ తీసేస్తే రెండూ విడిపోతాయి. అదే మన వామనగుంటలు చూడండి, చేతిలో పిక్కలు ఎన్నున్నాయో, ఏ గుంటలో మొదలుపెడితే ఎక్కడ ఖాళీ చేయి పడుతుందో లెక్క వేయకుండా ఒక్క ఆట సాగదు. దానికి ఎవరూ స్టార్లు ఇవ్వక్కర్లేదు, అమ్మమ్మలు మధ్యాహ్నాలన్నీ కూర్చుని ఆడారు.

మీది నాలుగో తరగతి కాబట్టి ఎక్కాలకి ఒక ఆట చెబుతాను, రేపే మొదలుపెట్టొచ్చు. 1 నుంచి 9 దాకా అంకెల్ని రెండేసి తీసుకుని గుణిస్తే వచ్చే వేర్వేరు జవాబులు సరిగ్గా 36. కావాలంటే పిల్లల చేతే లెక్కపెట్టించండి, వాళ్లకి అదే ఒక పీరియడు సరదా. నేల మీద సుద్దతో ఆరు గళ్లు అడ్డం, ఆరు గళ్లు నిలువు గీసి, ఆ 36 జవాబులూ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాయండి. కింద 1 నుంచి 9 దాకా ఒక వరస. రెండు పెద్ద చింతపిక్కలు ఆ కింది వరసకి. గళ్ల మీద పెట్టుకోడానికి ఒకరికి గులకరాళ్లు, ఇంకొకరికి పిక్కలు. మొదటివాడు కింది వరసలో ఒక పిక్క పెడతాడు, అంతే. రెండోవాడు రెండో పిక్క పెట్టి, రెండు అంకెల్నీ గుణించి ఆ గడి తీసుకుంటాడు. అక్కణ్ణుంచి ఎవరి వంతు వచ్చినా రెండు పిక్కల్లో ఒక్కదాన్నే జరపాలి. రెండూ ఒకే అంకె మీద పెట్టుకోవచ్చు. అడ్డంగానో నిలువుగానో మూలగానో నాలుగు గళ్లు వరసగా పట్టినవాడు గెలిచినట్టు.

ఆడేటప్పుడు పక్కన కూర్చుని వినండి. "నాకు 42 కావాలి, ఒకటి 7 మీద ఉంది కదా, రెండోదాన్ని 6 మీదకి జరిపితే సరి" అంటాడొకడు. కాసేపటికి, "వద్దు, 5 మీద వదిలితే వాడు 35 కొట్టేస్తాడు" అంటాడు. ఎక్కం ముందుకి అప్పజెప్పడం వేరు, 42 ని చూసి దాని లోపల ఆరూ ఏడూ కనపడటం వేరు. ఆ రెండోది అప్పజెప్పిస్తే రాదు. మీరు చెప్పకుండానే ఆ పిల్లలు కారణాంకాల పాఠంలోకి వెళ్లిపోయారు, ఆ పాఠం వచ్చినప్పుడు మీకు సగం పని తగ్గుతుంది.

ఇక చాక్లెట్ల సంగతి. రేపటి నుంచి బంద్ అని చెప్పకండి, పిల్లలకి అది శిక్షలాగే అనిపిస్తుంది. ఈ నెల చార్టు ఉండనివ్వండి, వచ్చే నెల పేర్లు తీసి క్లాసు మొత్తానికి ఒకే లెక్క పెట్టండి, ఆ తర్వాత దాని ఊసు ఎత్తకండి. ఎప్పుడైనా ఓ శనివారం అందరికీ వేయించిన పల్లీలు పంచాలనిపిస్తే పంచండి, చెప్పకుండా ఇచ్చిన రెండో గుంపు పిల్లల ఇష్టం ఏమీ తగ్గలేదు కదా. గెలిచినవాడికి ఇవ్వాల్సింది ఏదైనా ఉంటే, తర్వాతి ఆట గళ్లు గీసే సుద్దముక్క ఇవ్వండి. "భేష్" అని వదిలేయకుండా "42 కోసం ఏడుని కదపకుండా ఆగావు చూడు, అది బాగుంది" అని చెప్పండి. పిల్లలకి తాము ఏం చేసి గెలిచారో ఎవరైనా చూశారన్న సంగతి పెన్సిల్ బాక్సు కంటే ఎక్కువ రోజులు ఉంటుంది.

మాస్టారు గారికి నమస్కారం. మా మనవడు ఒడియా మీడియంలో రెండో తరగతి. బడిలో ఏం చేశారురా అంటే రోజూ ఆటలే అంటాడు. ఇంట్లో అంకెలు చెప్పి రాయిస్తే 34 అంటే 43, 27 అంటే 72 రాస్తున్నాడు. తెలుగులో చెబితే ఒకలా, ఒడియాలో చెబితే ఇంకోలా. ఈ ఆటలు ఆపి గట్టిగా అంకెలు దిద్దించమని టీచరుకి చెబుదామనుకుంటున్నాను. మీరేమంటారు?
– ఒక తాతగారు, గుణుపురం

అయ్యా, దయచేసి ఆ మాట చెప్పకండి. మీరు రాసిన ఆ చివరి ముక్కలోనే జవాబు ఉంది. ఒడియాలో 34 ని చఉతిరిశ అంటారు. ముందు నాలుగు వినిపిస్తుంది, తర్వాత ముప్పై. 27 సతెఇశ, అందులోనూ ఏడే ముందు. మన తెలుగులో ముప్పై నాలుగు, ఇరవై ఏడు, ఎలా పలుకుతామో అలాగే ఎడమ నుంచి రాసేస్తాం. పిల్లాడు ఒడియా మాటని తెలుగు చెవితో విని, ముందు వినపడ్డది ముందు రాస్తున్నాడు. దానికి తోడు ఒడియా లిపిలో అంకెల రూపాలు కూడా వేరు. ఏడేళ్ల పిల్లాడు రెండు భాషలు, రెండు రకాల అంకెలు, రెండు వరసలు మోస్తున్నాడు. వాడు మొద్దు అని ఇంట్లో ఎవరైనా అని ఉంటే ఇవాళే ఆ మాట వెనక్కి తీసుకోండి, నాకు అది ఒక్కటే బాధ.

బడిలో ఆటలంటారా, అది టీచరు కాలక్షేపం కాదు. 2020 జాతీయ విద్యా విధానంలోనే చిన్న తరగతులకి ఆటలతో, బొమ్మలతో చెప్పమని ఉంది. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లాడికీ చదవడం, లెక్కలు రావాలని 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టారు. 2023 ఫిబ్రవరిలో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం జాదూయీ పిటారా అని ఆటవస్తువుల పెట్టె కూడా తెచ్చారు. అయితే ఏ ఆటైనా పనికొస్తుందని నేననను. ఆడించే తీరులో ఉంది కిటుకంతా.

2008లో రమణి, సీగ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఒక పటం ఆట ఆడించారు. ఒకే తిన్నని వరస, పది గళ్లు, 1 నుంచి 10 అంకెలు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. అంతే ఆడించింది. పిల్లలకి ఏ అంకె పెద్దదో, ఎంత దూరంలో ఉందో బాగా తెలిసింది, తొమ్మిది వారాల తర్వాత చూసినా పోలేదు. గళ్లలో అంకెల బదులు రంగులు పెట్టి ఆడించిన పిల్లలకి అలాంటి లాభం ఏమీ కలగలేదు. అంటే పావు జరపడం ఒక్కటే చాలదు.

ఇంకో చిన్న నియమం ఉంది ఆ ఆటలో, నాకు అన్నింటికంటే నచ్చింది. పావు 5 మీద ఉండి రెండు పడిందనుకోండి, పిల్లాడు "ఒకటి, రెండు" అని జరపకూడదు, "ఆరు, ఏడు" అనాలి. మీ మనవడితో ఇవాళ ఒకసారి ఆడి చూడండి, తప్పకుండా "ఒకటి, రెండు" అనే మొదలుపెడతాడు. వాడి వేలు గడి మీద ఉంటుంది కానీ గడిలో ఏముందో కన్ను చూడదు. "ఎక్కడున్నావు?" అని మీరు అడిగితే ఒక్క క్షణం ఆగి కిందకి చూసి, "అయిదు" అంటాడు. ఆ తర్వాత వచ్చే "ఆరు" కాస్త నెమ్మదిగా వస్తుంది. ఆ నెమ్మదిలోనే నేర్చుకోవడం జరుగుతోంది, తొందరపెట్టకండి.

మీ అరుగు మీద 1 నుంచి 100 దాకా పది వరసలు గీయండి. ప్రతి వరసా ఎడమ నుంచే మొదలవ్వాలి. వైకుంఠపాళి పటంలోలా ఒక వరస ఇటూ ఒక వరస అటూ తిరిగితే ఈ వయసు పిల్లలకి తికమక, అది వచ్చే ఏడాది ఆడుకోండి. రెండు చింతపిక్కలు అరగదీసి బద్దలు చేస్తే నాలుగు, ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు, నాలుగూ తెల్లవైతే చెమ్మా నాలుగు, నాలుగూ నల్లవైతే అష్టా ఎనిమిది. అష్టాచెమ్మా ఎలాగూ మీకు తెలిసే ఉంటుంది. మీ వంతులో మీరు గళ్ల పేర్లు తెలుగులో చెబుతూ జరపండి, వాడి వంతులో వాడు ఒడియాలో చెప్పాలి. ఒక రోజు అలా, ఇంకో రోజు తిప్పేసి మీరు ఒడియాలో. మీరు తప్పు చెబితే వాడు దిద్దుతాడు, తాతని దిద్దడం కంటే పిల్లాడికి హుషారు ఏముంటుంది. 34 మీద ఆగినప్పుడల్లా పలికింది ఒకలా ఉన్నా పావు కింద ఉన్న అంకె ఒకటేనని వాడికే తెలుస్తుంది. రాయించడం రెండు వారాలు ఆపి ఈ ఆటే ఆడండి, తర్వాత పలక ఇవ్వండి.

సార్, రెండు తరగతులు ఒకే గదిలో, మొత్తం 50 మంది దాటారు. ఆటలంటే మాటలా? ఒకసారి పెట్టాను, పక్క గది టీచరు వచ్చి కేకలేశారు, పెద్దసారు కూడా పిలిచి అడిగారు.
– ఒక టీచరు, రాయగడ

సార్, యాభై మందిని రెండు జట్లు చేసి ఒక ఆట పెడితే గోల కాక మరేముంటుంది, ఒకడు ఆడుతుంటే నలభై తొమ్మిది మంది అరుస్తారు. ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా నేల మీద ఆడే ఆటలు పెట్టండి. పైన చెప్పిన 36 గళ్ల ఆట, దాడి, వామనగుంటలు. వంతు తొందరగా వచ్చే ఆటలో అరిచే తీరిక ఉండదు. మొదటి వారం ఒక తరగతికి ఆట, ఇంకో తరగతికి రాతపని, పావుగంటకి మార్చండి. ఆట మొదలుపెట్టకముందే ఆపడం నేర్పండి. మీరు మూడు చప్పట్లు కొడితే వాళ్లు రెండు కొట్టి పిక్కలు నేల మీద పెట్టేయాలి. ఆట లేకుండా ఉత్తినే దీన్ని పదిసార్లు చేయించండి.

అల్లరి అదుపు కోసమే ఒక ఆట ఉంది, 1969లో అమెరికాలో కాన్సస్‌లో ఒక నాలుగో తరగతిలో పెట్టారు. 24 మందిని రెండు జట్లు చేసి, జట్టులో ఎవరు లేచి తిరిగినా, మధ్యలో మాట్లాడినా ఆ జట్టుకి బోర్డు మీద ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలుస్తుంది, రెండు జట్లవీ బాగా తక్కువైతే రెండూ గెలుస్తాయి. దొరికేది ఏమంటే భోజనానికి ముందు వరసలో నిలబడటం, సాయంత్రం కాసేపు ఖాళీ సమయం, ఇలాంటివి. అల్లరి చాలా తగ్గింది. నేనూ వాడాను కానీ ఒక జాగ్రత్త ఉంది. గీత పడగానే జట్టంతా ఒక్క పిల్లాడి మీద విరుచుకుపడుతుంటే ఆ రోజే ఆపేయండి. రోజుకి ఇరవై నిమిషాలు మించి వద్దు.

పెద్దసారుని ఒక్కసారి లోపలికి పిలిచి ఒక జట్టు పక్కన కింద కూర్చోమనండి. గుమ్మంలో నిలబడితే గోలే వినిపిస్తుంది, కింద కూర్చుంటే లెక్కలు వినిపిస్తాయి.

మాస్టారూ, మా పాప మూడో తరగతి. వాళ్ల క్లాసులో స్పెల్లింగ్ ఆట, ఎక్కాల ఆట పెడతారట, తప్పు చెప్పినవాళ్లు ఔట్. ఇది ఎప్పుడూ మొదటి రౌండులోనే ఔట్ అయి గోడ పక్కన కూర్చుంటుంది. ఆట ఉన్న రోజు కడుపునొప్పి అంటోంది. టీచరునడిగితే స్పోర్టివ్‌గా తీసుకోవాలి అన్నారు.
– ఒక తల్లి, బరంపురం

అమ్మా, కడుపునొప్పి నిజమే అయి ఉంటుంది, దొంగ నొప్పి అని కసరకండి. ఔట్ ఆటల్లో నాకు నచ్చనిది ఇదే. ఎవరికి ఎక్కువ అభ్యాసం కావాలో వాళ్లే అందరికంటే ముందు లేచిపోతారు, బాగా వచ్చినవాడు చివరి దాకా ఇంకా ఇంకా చేస్తాడు. చదువు కోసం పెట్టిన ఆట చదువు రానివాణ్ణి గోడ పక్కన కూర్చోబెడితే ఇంకెందుకది? మైదానంలో ఓడిపోవడం నేర్చుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ అక్కడ మన ఏడు పెంకులాట చూడండి, ఒకరు కొడతారు, ఒకరు పేరుస్తారు, గురి లేని పిల్లకి కూడా పెంకు మీద పెంకు పెట్టే పని ఉంటుంది.

టీచరుగారిని మెల్లగా ఇలా అడగండి. ఆట మానమని కాదు, ఔట్ అయిన పిల్ల గోడ దగ్గర కాకుండా తర్వాతి ప్రశ్న రాసే పనిలో కూర్చుని, రెండు ప్రశ్నలు రాయగానే మళ్లీ లోపలికి రావచ్చా అని. ప్రశ్న రాయాలంటే జవాబు తెలియాలి కదా, అదీ చదువే. చాలామంది టీచర్లు దీనికి సరే అంటారు, వాళ్లకి కూడా గోడ పక్కన అల్లరి తగ్గుతుంది. ఇంకోటి, గవ్వలో పిక్కలో వేసే ఆటలు కలపమనండి. అదృష్టం కొంత ఉంటే అందరికంటే వెనకున్న పిల్ల కూడా అప్పుడప్పుడు గెలుస్తుంది, ఓడినప్పుడు తెలివితక్కువదాన్ని అనుకోదు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకొక పిల్ల గుర్తొచ్చింది. కొండ మీద ఊరి నుంచి వచ్చిన సవర పిల్ల, రెండో తరగతిలో చేరింది. తెలుగు రాదు, ఒడియా అంతంతమాత్రం. మూడు నెలలు నోరు విప్పలేదు. పాటల ఆట పెడితే తల దించుకునేది, పేర్ల ఆట పెడితే కిటికీ వైపు చూసేది. వానాకాలం ఒక మధ్యాహ్నం బయటికి పంపడం కుదరక నేల మీద గుంటల బదులు సుద్దతో వరసకి ఏడు చొప్పున రెండు వరసలు సున్నాలు చుట్టి, నాలుగేసి చింతపిక్కలు పోసి వామనగుంటలు పెట్టాను. ఈ ఆటలో మాట అక్కర్లేదు. ఆ పిల్ల వంతు వచ్చింది. పిక్కలు తీసింది, అరచేతిలో ఒకసారి కదిపి చూసింది, ఒక్కోటే వేసుకుంటూ పోయి ఖాళీ సున్నా తట్టి దాని పక్కనున్న పిక్కలన్నీ ఒడిలోకి లాక్కుంది. ఎదురుగా కూర్చున్న పిల్లాడు నోరు తెరిచాడు. మూడో ఆటకి అనుకుంటా, తనకి తెలియకుండానే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "అబోయ్, బాగు, యాగి..." సవరలో రెండుకి వాడే మాట మన ‘బాగు’లాగే వినిపిస్తుంది. "రెండు బాగుందా?" అని ఒకడు అనేసరికి అందరూ నవ్వారు, ఆ పిల్లా నవ్వింది. మర్నాటికి క్లాసులో సగం మంది సవరలో అయిదు దాకా లెక్కపెడుతున్నారు, ఆ పిల్ల ఒక్కొక్కరినీ దిద్దుతోంది.

ఇదే పర్లాకిమిడిలో టీచరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముందు తాను సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు. నేను అంతటివాణ్ణి కాదు, ఆ రోజు దాకా ఆ పిల్ల భాషలో ఒక్క అంకె కూడా అడగలేదు. మీ పాపకి కూడా ఏదో ఒకటి బాగా వచ్చి ఉంటుంది. ముగ్గులో, బొమ్మలో, పొడుపు కథలో. అది ఏమిటో టీచరుకి మీరే చెప్పండి, అది పనికొచ్చే ఆట ఒక్కటి పెట్టినా చాలు.

మాస్టారూ, మీరు చెప్పేవన్నీ చిన్నపిల్లలకి. నేను తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతాను. వీళ్లకి గవ్వలూ పిక్కలూ అంటే నవ్వుతారు. ఫోన్లో క్విజ్ యాప్ పెడితే ఉత్సాహంగా ఉంటున్నారు కానీ మార్కులు మాత్రం అక్కడే ఉన్నాయి.
– ఒక సైన్సు టీచరు, బరంపురం

క్విజ్ మంచిదే మాస్టారూ. చదివిందే మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం తేల్చింది. ఇబ్బంది ఎక్కడంటే తొందరలో. 2013లో నార్వే నుంచి వచ్చిన కహూట్ లాంటి యాపుల్లో మామూలుగా ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. ఆలోచించే పిల్ల వెనకబడుతుంది, గుడ్డిగా నొక్కేవాడు ముందుంటాడు. సమయం ఎక్కువ ఇవ్వండి, వేగానికి పాయింట్లు తీసేయండి, ముగ్గురికి ఒక ఫోను ఇచ్చి నొక్కేముందు ముగ్గురూ ఒప్పుకోవాలనండి. జవాబు వచ్చాక రెండు నిమిషాలు ఆగి ఎందుకు తప్పయిందో మాట్లాడించండి. ఇంతకు మించి యాప్ గురించి చెప్పేదేం లేదు.

పెద్ద పిల్లలు నవ్వరు, పేకాట అంటే ఎగబడతారు. మన ఒడిశా గంజప్ప చీట్లు చూసే ఉంటారు, గుండ్రంగా ఉంటాయి. అష్టరంగి అంటే 96 చీట్లు, ఎనిమిది రంగులు, ఒక్కో రంగులో ఒకటి నుంచి పది దాకా అంకెలు, పైన మంత్రి, రాజు. ఆ పద్ధతిలోనే పాత శుభలేఖల అట్టలు గుండ్రంగా కత్తిరించి అయాన్ల చీట్లు, అంటే ప్లస్ గానీ మైనస్ గానీ ఆవేశం ఉన్న పరమాణువుల చీట్లు చేయించండి. సోడియం ప్లస్ ఒకటి, మెగ్నీషియం ప్లస్ రెండు, అల్యూమినియం ప్లస్ మూడు, ఇటు క్లోరిన్ మైనస్ ఒకటి, ఆక్సిజన్ మైనస్ రెండు, నైట్రోజన్ మైనస్ మూడు. ఒక్కోటి ఎనిమిదేసి చీట్లు, మొత్తం 48, నలుగురికి సరిపోతాయి. తలా ఏడు పంచి, మిగతావి మధ్యలో బోర్లించి, ఒకటి తీసుకోవడం ఒకటి పడేయడం, అంతా రమ్మీయే. ప్లస్‌లూ మైనస్‌లూ సరిగ్గా కొట్టేసుకుంటేనే చీట్లు దించాలి, దించేటప్పుడు పేరు, ఫార్ములా పైకి చెప్పాలి. సోడియం, క్లోరిన్ ఒకటీ ఒకటీ, తేలిక, రెండు పాయింట్లు. రెండు అల్యూమినియం, మూడు ఆక్సిజన్ దించితే అయిదు. ఎన్ని చీట్లు దించితే అన్ని పాయింట్లు కాబట్టి పిల్లలు తేలికైనవి వదిలేసి కష్టమైనవాటి కోసం చేతిలో చీట్లు దాచుకుంటారు. అల్యూమినియం ఆక్సైడ్‌లో 2, 3 ఎందుకు తారుమారయ్యాయో బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పిల్లాడు, మూడు ఆక్సిజన్లు పట్టుకుని రెండో అల్యూమినియం కోసం నాలుగు వంతులు ఎదురుచూస్తే ఇక మర్చిపోడు.

చీట్లు మీరు రాసి ఇవ్వకండి, వాళ్ల చేతే రాయించండి. ఆక్సిజన్ చీటీ మీద ఎవరైనా మైనస్ ఒకటి అని రాసి ఉంటే ఆట మధ్యలో గొడవ లేస్తుంది. వెంటనే తీర్పు చెప్పకండి, పుస్తకం తీసి చూసుకోమనండి.